హోమ్ పేజీకి పదికి రెండున్నర

మొన్న షాపులో పాత ఫ్లెక్సీ చుట్టల వెనకాల చెయ్యి పెడితే వేలికి గుండుసూది దిగింది. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో లాగితే ఒక కాగితాల కట్ట వచ్చింది. ఎవరి పనో చూడగానే తెలిసిపోయింది. ఈ రోజుల్లో కాగితాలకి గుండుసూది గుచ్చేవాళ్ళెవరున్నారు? అందరూ స్టేప్లరు కొట్టి పడేస్తారు. మా టీచరుగారికి స్టేప్లరంటే పడదు. "పిన్ను కొడితే తియ్యడానికి గోళ్ళు విరగ్గొట్టుకోవాల. సూదైతే లాగితే వచ్చేస్తది" అనేవారు. ఆ సూది గుచ్చుకునేవాడి సంగతి ఆవిడకి పట్టేది కాదు. గుచ్చుకోవాల్సినవాడికే గుచ్చుకుంటుందని ఆవిడ ధైర్యం.

కట్టలో పన్నెండు పేపర్లున్నాయి. అన్నీ నేను కట్టిన వెబ్‌సైట్ల హోమ్ పేజీలే. ప్రింటు తీసి, ఒక్కటి తప్ప అన్నీ ఎర్రసిరాతో దిద్ది, పరీక్ష పేపర్లకి వేసినట్టు పదికి మార్కులు వేసినవి. పదకొండు ఆవిడ చేతిమీదుగా వచ్చినవి. పన్నెండోదానికి నేనే వేసుకున్నా. దాని సంగతి చివర్లో చెప్తా. ఇప్పుడే చెబితే నా పరువు మొదట్లోనే పోద్ది.

జగ్గయ్యపేటలో నాది ఫ్లెక్సీ షాపు. ఈ చుట్టుపక్కల ఎవరికి పుట్టినరోజొచ్చినా, పదవొచ్చినా, పోయిన పదవి మళ్ళీ వస్తుందని ఆశ పుట్టినా, రోడ్డు మీద వాళ్ళ మొహం కట్టేది నేనే. ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాక "ఏవయ్యా, ఇట్టాంటిదే ఒకటి ఇంటర్నెట్లో కట్టరాదూ" అని అడగడం మొదలెట్టారు. ఒక నెల విజయవాడలో ఉండి నేర్చుకుని వచ్చి, బోర్డు మీద 'ఫ్లెక్సీలు' పక్కన 'వెబ్‌సైట్లు' అని కలిపించా. ఇటు పేట నుంచి అటు నందిగామ, వీరులపాడు దాకా ఈ మెట్ట ప్రాంతంలో మీరు ఏ సైటు తెరిచి తల పట్టుకున్నా, అది నా చేతి చలవే అయ్యుండొచ్చు.

ఫ్లెక్సీకి ఒకటే రూలు. ఎవరి మొహం లేకపోతే గొడవవుద్దో ఆ మొహం ముందు పెట్టాలి. పెద్దాయన పెద్దగా, చిన్నాయన చిన్నగా, కాలం చేసినాయన పైమూల గుండ్రంగా. ఆ రూలునే ఎత్తుకెళ్ళి ఇంటర్నెట్లో పెట్టా. నందిగామలో ఒక ఫంక్షన్ హాలుకి నేను చేసిన మొదటి సైటు తెరిస్తే, ముందు ఓనరుగారు దణ్ణం పెడతా వచ్చేవారు. ఆయన జరిగితే వాళ్ళ నాన్నగారు. ఆయన జరిగితే ఓనరుగారి బావమరుదులు ముగ్గురూ వరసగా. తర్వాత హాలు ప్రారంభించిన పెద్దమనిషి, ఆ తర్వాత పెద్దమనిషి పక్కన మళ్ళీ ఓనరుగారు. వెనకాల సన్నాయి, పైనుంచి గులాబీ రేకులు. అడుగున సైటుకి ఎంతమంది వచ్చారో చూపించే అంకె. అది సున్నాతో మొదలెడితే బాగోదని నేనే కాస్త పెద్ద అంకెతో మొదలెట్టా. ప్రారంభోత్సవం రోజు ల్యాప్‌టాప్‌కి ఎర్ర రిబ్బను చుట్టారు. పెద్దమనిషి కత్తెరతో కత్తిరించారు. సైటు తెరుచుకోడానికి టైం పట్టి తెర మీద చక్రం తిరుగుతా ఉంటే, అదే సైటనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

పది రోజులకి టీచరుగారు షాపు మెట్లెక్కారు.

నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పినావిడ. పేరు రాయను. రాస్తే "నా పేరు నీ ఫ్లెక్సీలో దేనికిరా" అనేవారు. ఆఖరికి వీరులపాడు స్కూల్లో రిటైరై, చిల్లకల్లులో హైవేకి అవతల చిన్న ఇంట్లో ఒక్కరే ఉండేవారు. వాచీ ముంజేతికి లోపలివైపు పెట్టుకునేవారు. టైం చూసుకోవాలంటే అరచెయ్యి తిప్పాలి, అది మనకే చూపిస్తున్నట్టుండేది. ఎదురుగా ఉన్నవాడు ఆ రోజు ఏ తప్పూ చెయ్యకపోయినా ఒకసారి సర్దుకుని నిలబడేవాడు. కళ్ళజోడుకి తాడు, చంకలో గొడుగు. ఫోనుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, చూపుడువేలితో కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కేవారు. నొక్కి, ఎవరన్నా తలుపు తీస్తారేమోనని ఆగేవారు. నా సైట్లలో చాలాసార్లు ఎవరూ తీసేవాళ్ళు కాదు.

"వందనాలు టీచర్, కూర్చోండి" అన్నా.

"కూర్చుంటాగానీ, ఇది నువ్వు రాసిందేనా?" అని సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు.

ఫంక్షన్ హాలు హోమ్ పేజీ. చిల్లకల్లు సెంటర్లో జిరాక్స్ షాపుకి వెళ్ళి ప్రింటు తీయించారట. ప్రతి మొహం పక్కనా ఎర్రసిరా. "ఈయనెవరు?" "ఈయన దేనికి?" "ఈయన ఇందాకే వచ్చాడు కదా?" బావమరుదులు ముగ్గురికీ కలిపి అడ్డంగా ఒకటే గీత. చివర గుండ్రంగా చుట్టి, పదికి రెండున్నర.

"మా చర్చిలో ఒక పిల్లకి పెళ్ళి. హాలు ఖాళీ ఉందేమో కనుక్కుందామని తెరిచా. ఈ హాలు నందిగామలో ఏ మూలుందిరా?"

"అడ్రసుంది టీచర్. కిందుంటది."

"ఎంత కింద?"

నేను ఆ కాగితాలు తిరగేసి వెతకడం మొదలెట్టా.

"పోనీ ఫోన్ నంబరు?"

"అదీ ఉంది టీచర్. ఓనరుగారి ఫొటోలో రాసుంటది."

"ఫొటోలో ఉన్న నంబరు నొక్కితే ఫోను పోద్దా? కాగితం మీద రాసుకోవాల. నేను ఐదంకెలు రాసుకునేసరికి బావమరిది వచ్చాడు. అందరూ వచ్చిపోయి మళ్ళీ ఓనరు వచ్చిందాకా పెన్ను పట్టుకు కూర్చున్నా. అప్పుడు మిగతా ఐదు. మధ్యలో ఆ సన్నాయొకటి. నా ఇంట్లోనే పెళ్ళవుతున్నట్టు పక్కింటావిడ వచ్చి తొంగిచూసి పోయింది."

నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు తీసి తాడుకి వదిలేసి అడిగారు, "ఒకటే చెప్పు. వచ్చినోడు ఏం అడగడానికొచ్చాడ్రా?"

ఈ ప్రశ్న ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. అప్పుడు మాత్రం జవాబు చెప్పకుండా, "మరి ఆ రెండున్నర దేనికేశారు టీచర్?" అన్నా.

"గులాబీ రేకులకి రెండు. అవి పడతా ఉంటే ఆ మొహాలు కాస్తన్నా కప్పడ్డాయి. పేపరు మీద పేరు రాసినందుకు అర."

వెళ్తా వెళ్తా పేపరు అడుగున వేలితో కొట్టి చూపించారు. అక్కడ రెండు ముక్కలు రాసున్నాయి, 'మళ్ళీ రాసుకురా' అని. స్కూల్లో కూడా అంతే. ఎంత తప్పులతడకగా రాసినా 'తప్పు' అని రాసేవారు కాదు, 'ఫెయిల్' అని రాసేవారు కాదు. 'మళ్ళీ రాసుకురా' అంటే మర్నాడు పొద్దున్నే ప్రార్థన బెల్లు కొట్టకముందే ఆవిడ టేబుల్ మీద కొత్త కాగితం ఉండాలి. రాసుకెళ్ళేదాకా వదిలేవారు కాదు. నేనిప్పుడు మీసాలొచ్చి, షాపు పెట్టుకుని, ఇద్దరు పిల్లల తండ్రినయ్యా కాబట్టి రాసుకెళ్ళలేదు. కాగితాలు ఫ్లెక్సీ చుట్టల వెనక్కి పడేశా.

ఆవిడా ఊరుకోలేదు. నేను సైటు కట్టడం, ఆవిడ ప్రింటు తీయించుకుని రావడం. చుట్టుపక్కల కూలిపనులకెళ్ళేవాళ్ళు, కౌలు రైతులు ఏ కాగితం కావాలన్నా ఆవిడ దగ్గరికే వెళ్ళేవాళ్ళు, "టీచరమ్మా, ఫోన్లో ఉందంట, కాస్త చూసిపెట్టు" అని. అందుకని నా సైట్లన్నీ ఆవిడ చేతిలో పడాల్సిందే.

ఒకసారి ఎదురింటి కౌలు రైతు కోసం విత్తనాల కొట్టు సైటు తెరిచారట, ఫలానా పత్తి గింజలు వచ్చాయో లేదోనని. తెరిచింది నందిగామ కళ్ళాసుపత్రిలో. కళ్ళలో చుక్కలు వేసి మూసుకుని కూర్చోమంటే, ఒక కన్ను తెరిచి చూశారు. నేను పెట్టిన మేళం ఒక్కసారిగా మోగింది. ఆపుదామంటే ఆపే గుర్తు ఆవగింజంత, ఆవిడ కళ్ళలో చుక్కలు. హాలంతా తిరిగి చూసింది. నర్సు వచ్చి "ఏం మామ్మగారూ, ముహూర్తం ఎన్నింటికి?" అందట. ఆ పేపరుకి ఒకటిన్నర.

చర్చి కమిటీ వాళ్ళు అడిగితే వాళ్ళ సైటులో మూల ఒక చిన్న డబ్బా పెట్టా. తెరవగానే పైకి లేచి 'నమస్తే! మీకు నేనెలా సహాయపడగలను?' అంటది. టీచరుగారు పాపం నిజమేననుకుని, ఫలానావాళ్ళ పిల్లాడికి బాగోలేదు, ప్రార్థన చెయ్యండి అని రాశారు. మూడు రోజులు చూశారు. జవాబు లేదు. ఆ డబ్బా వెనకాల మనిషి లేడని చెప్పా. "ప్రభువు కూడా ఆలస్యంగానే జవాబిస్తాడు. కానీ ఎదురొచ్చి ఏం కావాలని అడిగి పారిపోడురా" అన్నారు.

ఇంకో సైటులో 'మీకు కబుర్లు పంపించమంటారా?' అని అడిగించా. కింద 'సరే', 'తర్వాత' అని రెండే.

"వద్దు అని ఎక్కడుంది?"

"అట్టా పెట్టరు టీచర్. అందరూ ఇట్టాగే పెడతారు."

"ఇంటికొచ్చినోణ్ణి కాఫీ తాగుతావా అనడిగి, 'తాగుతా', 'కాసేపాగి తాగుతా' అని రెండు జవాబులే ఇస్తామా? వద్దనే మర్యాద వాడికి లేదా?"

నాకూ ఒళ్ళు మండింది. "మీరొక్కరే టీచర్ ఇట్టా వంకలు పెట్టేది. మిగతా అందరూ చాలా బాగుందంటన్నారు" అన్నా.

"అందరూ అంటే?"

"ఓనర్లు."

"ఓనరు మొహం ఓనరు చూసుకోడానికి అద్దం చాలదంట్రా? ఇంత ఇంటర్నెట్టు కావాలా?"

ఇక్కడిదాకా నవ్వుకోడానికి బానే ఉంది. ఎనిమిది పేపర్లు తిరగేసి మా ఆవిడకి చదివి వినిపించా, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తొమ్మిదోది వచ్చేసరికి మడిచి కింద పెట్టేశా.

అది నందిగామలో ఒక డిగ్రీ కాలేజీ సైటు. ఛైర్మన్‌గారి కోరికలన్నీ తీర్చి కట్టా. కాలేజీ గుర్తు గిరగిరా తిరిగి తిరిగి ఆగితేగానీ పేజీ రాదు. వచ్చాక ఛైర్మన్‌గారు నవ్వుతా అడ్డంగా నిలబడతారు. ఆయన్ని పంపాలంటే మూలన కొట్టివేత గుర్తు నొక్కాలి. అది తెల్ల గోడ మీద తెల్ల సున్నంతో వేసినట్టుంటది. ఆ వెనకాల ఎర్ర పట్టీలో అక్షరాలు పరిగెడతా ఉంటాయి.

వీరులపాడులో సువార్త అనే అమ్మాయి, టీచరుగారి ఆఖరి బ్యాచి. తల్లి మిరపకోతలకీ పత్తితీతకీ పోతది, సెలవులొస్తే కూతురూ పోతది. ఇంటరు మంచి మార్కులతో పాసైంది. ఆ కాలేజీలో అమ్మాయిలకి హాస్టలుంది కాబట్టి అక్కడైతేనే పంపుతానంది తల్లి. ఆ తల్లిని ఒప్పించడానికి టీచరుగారు ఎండల్లో బస్సెక్కి ఎన్నిసార్లు వెళ్ళారో. దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాలి. ఆఖరి రోజు సాయంత్రం ఐదింటిదాకా గడువు.

ఆ ఆఖరి రోజు నాలుగుంబావుకి టీచరుగారు, సువార్త షాపులోకొచ్చారు.

"మూడ్రోజుల్నుంచీ చూస్తన్నాం. దరఖాస్తు ఎక్కడుందో దొరకలా. కాలేజీకి ఫోన్ చేస్తే 'అంతా సైటులోనే ఉంది' అని పెట్టేస్తన్నారు. నువ్వు కట్టిన ఇల్లేగా, గుమ్మం నువ్వే చూపిచ్చు" అన్నారు.

"అయ్యో, ఎంతసేపు టీచర్" అని కుర్చీ ముందుకి లాక్కున్నా.

గుర్తు గిరగిరా తిరిగింది. ఛైర్మన్‌గారు వచ్చారు. ఆయన్ని పంపేలోపు మూలనుంచి డబ్బా లేచి 'నమస్తే' అంది. దాన్ని మూశా. పైన వరసలో 'అడ్మిషన్లు' అని ఉంటే నొక్కా, కిందటేడాది ప్రారంభోత్సవం ఫొటోలు వచ్చాయి. వెనక్కి వస్తే మళ్ళీ ఛైర్మన్‌గారు. అప్పుడు గుర్తొచ్చింది, దరఖాస్తు ఆ పరిగెత్తే పట్టీలో పెట్టా. ముందు ఛైర్మన్‌గారికి జన్మదిన శుభాకాంక్షలు, తర్వాత ర్యాంకులు, తర్వాత కొత్త బస్సు, దాని వెనక 'దరఖాస్తు కొరకు ఇక్కడ నొక్కండి'. ఆ 'ఇక్కడ' వచ్చిందాకా కాచుక్కూర్చోవాలి. వచ్చింది. మౌసు పట్టుకుని వెంటపడ్డా. జారిపోయింది. మళ్ళీ జన్మదిన శుభాకాంక్షలు. మూడోసారికి దొరికింది.

"పట్టుకున్నా టీచర్!"

ఆవిడ అరచెయ్యి తిప్పి వాచీ చూశారు. "పదకొండు నిమిషాలు" అన్నారు. "కట్టినోడికి."

ఫారం పొడుగ్గా ఉంది. సువార్త చెబుతుంటే నింపా. చివర నొక్కితే 'ఫొటో సైజు ఎక్కువ' అని చెప్పి, నింపిందంతా తుడిచేసింది. ఎంత సైజుండాలో ముందు ఎక్కడా రాయలేదు. రాయాల్సినవాణ్ణి నేనే. ఫొటో తగ్గించి మళ్ళీ నింపా. ఈసారి ఫోన్ నంబరు మధ్యలో ఖాళీ వచ్చిందని మళ్ళీ తుడిచేసింది. మూడోసారి నేనడక్కుండానే సువార్త వరసగా అప్పజెప్పింది, పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం. నొక్కా. చక్రం తిరిగింది. చక్రం ఆగేసరికి ఐదైంది. 'గడువు ముగిసింది. ధన్యవాదాలు' అని వచ్చింది. ఆ సైటు మొత్తంలో చెప్పిన టైముకి చెప్పినట్టు పనిచేసింది ఆ ఒక్క ముక్కే.

కాలేజీకి ఫోన్ చేశా. "మా చేతుల్లో ఏం లేదండీ, సైటు వాళ్ళనడగండి" అన్నారు. "సైటు వాణ్ణి నేనేనండీ" అంటే, "అయితే మీకే తెలియాలి" అన్నారు. సైటులో గడువు పొడిగించి ఫారం మళ్ళీ తెరిచి, సువార్త దరఖాస్తు పంపా. మర్నాడు ముగ్గురం నందిగామ వెళ్ళాం. క్లర్కు లిస్టు చూసి, "ఐదింటిదాకా వచ్చినవే పైకి పోయినయ్యండీ, ఇది తర్వాతొచ్చింది" అన్నాడు. ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళాం. "రూలంటే రూలు కదమ్మా, అందరికీ సైటులో క్లియర్‌గా పెట్టాం" అన్నాడు. క్లియర్‌గా అన్నప్పుడు టీచరుగారు నావైపు చూస్తారనుకున్నా. చూడలేదు.

బయటికొచ్చాక సువార్త నాతో "పర్లేదు సార్" అంది. సిగ్గుతో చచ్చిపోయా. ఆ ఏడు ఆ పిల్ల తల్లితో మిరపకోతలకి పోయింది.

వారం తర్వాత టీచరుగారు కాలేజీ పేజీ ప్రింటు తెచ్చారు. గుండుసూది ఉంది. ఎర్రసిరా చుక్క లేదు. ఈ మూల నుంచి ఆ మూలకి తెల్లగా ఉంది. తిరగేసి కూడా చూశా.

"మార్కులెయ్యలేదేంటి టీచర్?"

"దీనికి మార్కులు వెయ్యాల్సింది నేను కాదు. ఆ పిల్ల వెయ్యాల" అని కుర్చీలో కూర్చోకుండానే వెళ్ళిపోయారు. ఆవిడ ఎనిమిదో తరగతిలో కొట్టిన బెత్తం దెబ్బలన్నీ కలిపినా అంత నొప్పి లేదు.

ఆ రాత్రో మర్నాడో మహాత్ముణ్ణయిపోయానని చెప్పనుగానీ, ఆ సైటు మాత్రం విప్పి మళ్ళీ కట్టా. తెరవగానే పైన 'దరఖాస్తు' అని ఒకటే, కదలకుండా. ఛైర్మన్‌గారు మండిపడ్డారు. "మా నాన్నగారి ఫొటో ఏదయ్యా?" అన్నారు. నాన్నగారిని అడుగున పెట్టా. టీచరుగారు నాలుగున్నర వేశారు. నా జీవితంలో నాకొచ్చిన పెద్ద మార్కులు అవే. పక్కన 'నాన్నగారు కిందకి దిగారు, సంతోషం' అని రాశారు. ఆ కిందే 'మళ్ళీ రాసుకురా'.

ఆ ఏడంతా టీచరుగారు శనివారాలు సువార్తని కూర్చోబెట్టి పాఠాలు చెప్పి, పై ఏడు అదే కాలేజీలో చేర్పించారు. చదువైపోయి హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది. ఏం ఉద్యోగమమ్మా అనడిగితే, సైటులో దారి దొరకనివాళ్ళు ఫోన్ చేస్తే దారి చెప్పే ఉద్యోగమంది. నేను అక్కడితో ఆపేశా.

టీచరుగారికి ఒంట్లో బాగోక ఆఖరి ఏడాది నందిగామలో తమ్ముడుగారింట్లో ఉన్నారు. అక్కణ్ణుంచీ ఒక పేపరు పంపించారు, పదకొండోది. చెయ్యి వణికి సున్నాలు కోలగా వచ్చాయి. మార్కు మాత్రం మూడే. తర్వాత పేపర్లు రాలేదు. పోయారని తెలిసి వెళ్తే, దిండు పక్కన కళ్ళజోడు, దాని తాడులో దోపిన ఎర్ర పెన్ను. అక్కడ ఏడ్చా. ఎందుకు దాచుకోవాలి.

చిల్లకల్లులోనే మట్టి చేశారు. జ్ఞాపకార్థ కూడికకి పిలుపుగా ఒక పేజీ కట్టమని తమ్ముడుగారు షాపుకొచ్చారు. చేతిలో చీటీ. వెలిగే కొవ్వొత్తులు, పైనుంచి పూలు, వెనకాల పాట, చుట్టాలందరి ఫొటోలు వయసు వరసలో, ఎంతమంది చూశారో అంకె.

"అయ్యగారూ, కాళ్ళు పట్టుకుంటా. ఆవిడకి ఇవేమీ గిట్టవు" అన్నా.

"చుట్టాలేమనుకుంటారయ్యా?"

"ఏమన్నా అనుకోనివ్వండి. టీచరుగారేమనుకుంటారో అది చూడండి."

పెద్దాయన కళ్ళు తుడుచుకుని సరేనన్నారు. నా జీవితంలో ఒక గిరాకీతో అంతగా పోట్లాడింది అప్పుడే. కూర్చుని కట్టా. పాట తీసేశా, అర మార్కు. పూలు తీసేశా, అర మార్కు. చుట్టాలందర్నీ తీసేశా, రెండు మార్కులు. ఊరి పటం పెట్టిన డబ్బా ఒకటుంది, దానివల్ల పేజీ నిదానంగా తెరుచుకుంటుంది. అదీ పీకేశా. కళ్ళు మూసి తెరిచేలోపు పేజీ వస్తోంది. ఆవిడ ఫొటో, పేరు, తేదీ, పొద్దున పదిన్నర, 'అందరూ రండి'. అంతే. ఈ దెబ్బతో తొమ్మిది ఖాయం, పది వేసినా వేస్తారు అని పోయినావిడ గురించి లెక్కలు కట్టుకుంటా మురిసిపోయా.

కూడిక చిల్లకల్లు చర్చిలో బ్రహ్మాండంగా జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది. అందరూ నోటిమాట మీద వచ్చినవాళ్ళే, పేజీ చూసి వచ్చినవాడు ఒక్కడు లేడు. పాటలయ్యాయి, వాక్యమైంది, సాక్ష్యాలయ్యాయి, భోజనాలయ్యాయి. విస్తళ్ళు ఎత్తుతుండగా చర్చి గేటు దగ్గర ఆటో ఆగింది. చెమటతో తడిసిపోయి సువార్త దిగింది. చేతిలో ఫోను.

"అయిపోయిందా సార్?"

"ఇంతసేపేంటమ్మా? హైదరాబాదు బస్సులు చిల్లకల్లు మీదుగానేగా పోయేది!"

"ఇక్కడ దిగాలని తెలవదు సార్. టీచరుగారు తమ్ముడుగారింట్లో ఉన్నారుగా, నందిగామలోనే అనుకుని అక్కడిదాకా పోయా. ఇంటికెళ్తే తాళం. రెండు చర్చిలు తిరిగా, కాదన్నారు. చివరికి చిల్లకల్లులోనే అయ్యుంటదని ఇటొచ్చా." ఫోను నావైపు తిప్పింది. "పేజీ చాలా బాగుంది సార్, ఠక్కున తెరుచుకుంది. ఎక్కడో మాత్రం లేదు."

తీసుకుని చూశా. ఆవిడ ఫొటో, పేరు, తేదీ, పదిన్నర. పటం డబ్బా పీకినప్పుడు దాని కిందున్న చర్చి అడ్రసు కూడా దాంతోపాటే ఊడిపోయింది. నేను చూసుకోలేదు. ఎవరికన్నా ఫోన్ చేద్దామంటే నంబరు కూడా పెట్టలేదు.

"ఎవరికన్నా చెయ్యకపోయావామ్మా?"

"నా దగ్గరున్నది టీచరుగారి నంబరొకటే సార్. దానికే చేశా. తాళమేసిన ఇంట్లో మోగింది. బయట నిలబడి విన్నా."

అక్కడే, చర్చి అరుగు మీద కూర్చుని, ఫోన్లోనే పేజీ తెరిచి అడ్రసు చేర్చా. చూపించా. చదివి తలూపింది.

"ఇప్పుడు ఎవరన్నా వస్తే దొరుకుద్ది సార్" అంది.

"టీచరుగారు అప్పుడే చెప్పారు, మార్కులు నువ్వెయ్యాలని. వెయ్యమ్మా."

"నేనెట్టా వేస్తా సార్? రెండుసార్లూ మీ పేపరు టైం అయిపోయాకేగా వచ్చింది." కోపంగా కూడా అనలేదు. సమాధి ఎటువైపని అడిగి, చెప్పులు చేతిలో పట్టుకుని అటు నడిచింది.

సాయంత్రం షాపుకొచ్చి ఆ పేజీ ప్రింటు తీశా, మొదట అందరికీ పోయినట్టుగా, అడ్రసు లేకుండా. ఒక్క కాగితమే వచ్చింది. గుండుసూది అవసరం లేకపోయినా గుచ్చా. ఎర్ర పెన్ను కొనుక్కొచ్చి ఖాళీగా ఉన్న చోట రాశా, 'వచ్చినోడు ఏం అడగడానికొచ్చాడ్రా?' గుండ్రంగా చుట్టి అర మార్కు వేసుకున్నా, పేరు రాసినందుకు. అలవాటు ప్రకారం అడుగున 'మళ్ళీ రాసుకురా' అని కూడా రాశా. రాసుకెళ్తా, దానికేం. ఈసారి నిజంగానే రాసుకెళ్తా. ఎక్కడికి తీసుకెళ్ళాలో మాత్రం ఆవిడా అడ్రసు ఇవ్వలేదు.